అతికించిన నవ్వు

కిందటి వారం హెస్టర్ మలోయ్‌ని సినిమా హాల్లో, చీకట్లో వదిలి వచ్చాం. కన్నతల్లిని ఒహాయోలో మట్టిచేసి, రైలు దిగి, నల్లబట్టలైనా మార్చుకోకుండా తన బొమ్మ చూడటానికి పరుగెత్తిన మనిషి ఆమె. ఆమె రాసిన కథలో, రేవు పట్నంలో పిల్లలకి ఫిడేలు నేర్పే ముసలి జర్మన్ మాస్టారు ఏ పాపమూ ఎరగడు. ఓడలు పేలిపోతుంటే ఊరు ఆయన్ని అనుమానించి ఇంటి కిటికీలు పగలగొడుతుంది. చివరికి అసలు ద్రోహి ఓడల షావుకారని తేలి ఊరంతా తల దించుకుంటుంది. చలికాలమంతా కెమెరా ముందు ఆడింది ఆ కథే. తెర మీద పడింది మాత్రం వేరే కథ. అక్కడ మాస్టారే గూఢచారి. ఓడ మునుగుతుంటే ఆయన నవ్వుతున్నాడు. "చంపండి వాణ్ణి" అని హాలంతా లేచి అరుస్తుంటే, బొమ్మ మొదట్లో వేసిన తన పేరు హెస్టర్ కళ్ళ ముందు ఇంకా కదులుతూనే ఉంది.

ఆ రాత్రి ఆమెకి నిద్ర లేదని చెప్పనక్కర్లేదు. పొద్దున్నే భోజనాల బల్ల దగ్గర ఇంటి యజమానురాలు కాఫీ గిన్నెతో పాటు పేపరు కూడా తెచ్చి పెట్టింది. మొహం చేటంత చేసుకుని, "మన ఇంట్లో ఉంటున్న అమ్మాయి పేరు పేపర్లో పడింది, చదువుకోండి" అని బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినపడేట్టు చెప్పింది.

హెస్టర్ చదివింది. న్యూయార్క్ సమీక్షకుడు రాసిన దాన్ని ఇక్కడి పేపరువాళ్ళు ఎత్తి వేశారు. 'దీపం లేని రేవు' లాంటి బొమ్మ జర్మనీతో యుద్ధం మొదలయ్యాక రాలేదట. "ముసలి నటుడు ఫెల్‌నర్ నవ్వు నటన కాదు. అలాంటి నవ్వు నేర్చుకుంటే రాదు, రక్తంలో ఉండాలి. మన కుర్రాళ్ళు నీళ్ళలో మునిగిపోతుంటే ఆ కళ్ళలో మెరిసిన సంతోషం చూసినవాడెవడూ, పక్కింట్లో జర్మన్ పేరున్న మనిషి ఉంటే, తలుపు గడియ చూసుకోకుండా పడుకోడు. ఇంతటి మేలుకొలుపు ఇచ్చినందుకు మిస్ మలోయ్ కలానికి దేశం రుణపడి ఉంది."

హెస్టర్ పేపరు మడిచి కాఫీ తాగకుండానే లేచింది. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ పాపమొకడిది, పేరొకరిది. ఆ నవ్వు పుట్టిన రోజు ఆమె అక్కడే, కెమెరా పక్కనే ఉంది. అగస్ట్ ఫెల్‌నర్ అసలు నటుడే కాదు. సెట్టు మీద నటులకి ఏడుపు రావాలంటే పక్కన కూర్చుని ఫిడేలు వాయించే మనిషి. ఏళ్ళ తరబడి అందరి కన్నీళ్ళకీ ఆయనే వాయించాడు. ఆ ముఖం చూసే హెస్టర్ ఆ వేషం రాసింది. నవ్వాల్సిన రోజు వచ్చేసరికి ఆయన కోసం ఎవరు వాయించాలన్న ప్రశ్న వచ్చింది. "నాకు ఫిడేలు వద్దు. ఆ పిల్లని తెచ్చి నా ఎదురుగా నిలబెట్టండి చాలు" అన్నాడు. మునిగిపోయిందనుకున్న శిష్యురాలు బతికి తిరిగొచ్చే ఘట్టం అది. పిల్లని చూసి ఆయన నవ్వాడు. కెమెరా తిప్పేవాడు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. ఇప్పుడు ఆ పిల్లని కోసి పారేసి, ఆ చోట మునిగే ఓడని అతికించారు.

స్టూడియోకి వెళ్ళేసరికి బొమ్మ వేసి చూసుకునే గదిలో అదే నడుస్తోంది. హెస్టర్ తలుపు తట్టలేదు. కోపం వస్తే ఆమె గొంతు పెరగదు, తగ్గుతుంది. తెలిసినవాళ్ళు అందుకే ఆ గొంతు తగ్గితే భయపడతారు.

హైరమ్ ట్రాస్క్ ముందు కుర్చీలో చుట్ట వెలిగించి కూర్చున్నాడు. ఈ కంపెనీ ఆయనదే. సినిమాల్లోకి రాకముందు నెబ్రాస్కాలో గుర్రాలు అమ్మేవాడు. ముసలి గుర్రానికి పళ్ళు అరగదీసి కుర్ర గుర్రమని అంటగట్టడంలో చెయ్యి తిరిగిన మనిషని చెప్పుకుంటారు. పక్కన స్నీడ్, కంపెనీకి ప్రచారం చేసేదీ తెర మీద మాటల కార్డులు రాసేదీ వాడే. వాడి అవతల టోపీ మోకాలి మీద పెట్టుకుని ఎవరో కొత్త మనిషి ఉన్నాడు.

"రా అమ్మాయ్, కూచో. నీ బొమ్మే నడుస్తోంది" అన్నాడు ట్రాస్క్.

"నాదే అయితే ఆపండి" అంది హెస్టర్.

కొత్త మనిషి మర్యాదగా లేచాడు. ట్రాస్క్ నవ్వి, "ఈయన లాంక్‌ఫర్డ్ గారు. చమురు బావుల ఊళ్ళో హాలు ఈయనదే. ఈ కథ రాసిన మహాతల్లి ఈవిడేనండీ" అన్నాడు.

"అమ్మా, మా ఊరివాళ్ళు మీ బొమ్మ కోసం కాసుక్కూచున్నారు. మావాళ్ళలో చాలామంది కొడుకులు ఫ్రాన్సులో ఉన్నారు. మీ చెయ్యి చల్లగుండ" అన్నాడు లాంక్‌ఫర్డ్. ఆ మాటలో ఎకసెక్కం లేదు. నిజంగానే అన్నాడు. అందుకే హెస్టర్‌కి మరింత మండింది.

"లాంక్‌ఫర్డ్ గారూ, ఆ ముసలాయన దేన్ని చూసి నవ్వుతున్నాడో మీకు తెలుసా?"

"ఓడని చూసి."

"ఎనిమిదేళ్ళ పిల్లని చూసి. ఆ పిల్ల బతికొచ్చిందని. వీళ్ళు నేను ఊళ్ళో లేనప్పుడు ఆ నవ్వు కోసి తెచ్చి ఓడ పక్కన అంటించారు. మా అమ్మకి నేను మట్టి వేస్తున్న రోజుల్లో ఇక్కడ వీళ్ళు కత్తెర వేస్తున్నారు."

లాంక్‌ఫర్డ్ ట్రాస్క్ వైపు చూశాడు. ట్రాస్క్ చుట్ట బూడిద దులిపాడు.

"కత్తెర నా చేతిలో లేదు తల్లీ. జిగురూ నేను రాయలేదు" అన్నాడు స్నీడ్. "నేను రాసింది ఒక్క కార్డు. ఆ నవ్వు ముందు 'పని అయింది' అని. అంతే. నువ్వు చలికాలమంతా కూచుని రాశావు. నిన్న హాలు లేచింది నా రెండు మాటలకి."

"నీకు సిగ్గు లేదని నాకు ముందే తెలుసు స్నీడ్. కొత్తగా చెప్పుకోనక్కర్లేదు."

"సిగ్గుంటే ప్రచారానికి పనికిరాను కదా."

"ఇక చాలు" అన్నాడు ట్రాస్క్. నవ్వు పోయింది. "విను హెస్టర్. నువ్వు ఊళ్ళో లేనప్పుడు గవర్నమెంటు తాలూకు పెద్దమనిషి ఒకాయన వచ్చి ఇదే కుర్చీలో కూచుని నీ బొమ్మ చూశాడు. అమెరికావాళ్ళు ముసలాడి కిటికీ పగలగొట్టడమేంటి, జెండా ఎగరేసిన షావుకారు ద్రోహి కావడమేంటి, ఇది బయటికెళ్తే నువ్వు లోపలికెళ్తావు అన్నాడు. కొత్త చట్టం వచ్చింది, తెలుసా? యుద్ధం మీద నోరు జారితే ఇరవై ఏళ్ళు. నేను, నువ్వు, కెమెరావాడు, అందరం. ఇల్లు తాకట్టు పెట్టి తీసిన బొమ్మ నాది. ఏం చెయ్యమన్నావు?"

"తగలబెట్టమనేదాన్ని."

"అనడం తేలిక."

"మీకు కష్టం వచ్చిందని ఒప్పుకుంటాను. ఆ కష్టం తీసుకెళ్ళి ఆ ముసలాయన నెత్తిన ఎందుకు పెట్టారు? గూఢచారి కావాలంటే ఒక గెడ్డం అంటించి ఎవడో ఒకణ్ణి పెట్టుకునేవారు. ఆయన అసలు పేరు తెర మీద ఉంది. ఇల్లు ఎక్కడుందో ఈ పట్నంలో పాలవాడికి కూడా తెలుసు."

"అదేగా బలం" అన్నాడు స్నీడ్. "పేపరువాడు చూడు ఏం రాశాడో. రక్తంలో ఉందన్నాడు. వేషగాడికి గెడ్డం అంటిస్తే ఆ మాట రాస్తాడా?"

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పు అడిగాడట వెనకటికొకడు. ఆ ఒకడు వేరే ఊరివాడు కాడు, ఈ గదిలోనే ఉన్నాడు.

లాంక్‌ఫర్డ్ గొంతు సవరించుకున్నాడు. "పెద్ద మాటలు నాకు తెలీవండీ. రేపు మధ్యాహ్నం ఆటకి ముసలాణ్ణి స్టేజీ ఎక్కిస్తానన్నారు. అది ఉందా లేదా? ఊరంతా కాగితాలు అంటించాను."

హెస్టర్ ఒక్క క్షణం అర్థం కాక చూసింది. "ఎక్కించడమేంటి?"

"బొమ్మ అయ్యాక మనిషిని చూపిస్తాం" అని స్నీడ్ ఉత్సాహంగా చెప్పాడు. "జర్మన్ సైనికుల ప్రష్యన్ కోటు, చేతులకి సంకెళ్ళు. రెండు పక్కలా సిపాయి వేషగాళ్ళు. జనం కాసేపు తిట్టుకుంటారు, తీసుకొచ్చేస్తాం. రేపు వీరి ఊళ్ళో, ఎల్లుండి ఇంకో ఊరు. బండి పొద్దున్నే వాళ్ళింటికి వెళ్తుంది."

"ఏప్రిల్లో ఇల్లినాయ్‌లో గనుల ఊరివాళ్ళు ఒక జర్మన్‌ని ఏం చేశారో నువ్వు చదవలేదా? జెండాకి ముద్దు పెట్టించి, తర్వాత చెట్టుకి ఉరేశారు."

"మావాళ్ళు అలాంటివాళ్ళు కాదమ్మా" అన్నాడు లాంక్‌ఫర్డ్ నొచ్చుకుని. "కాస్త సరదా పడతారు, అంతే. హాలు ముందు దీపస్తంభానికి ఉరితాడు వేలాడదీశాం. అది కూడా అలంకారానికే."

హెస్టర్ గొంతు ఇంకా తగ్గింది. "ట్రాస్క్ గారూ, ఆ లాంతరు ఎవరిది? నా కథలో లాంతరు లేదు. రాత్రి కిటికీలోంచి జలాంతర్గామికి సైగ చేసే చెయ్యి ఒకటి చూపించారు. ఆ చెయ్యి చూపించాకే జనం నమ్మారు. ఆయన లేకుండా ఎవడి చేతినో తీసి అతికించారు. దొంగపని కాదా అది?"

"ఎవడి చెయ్యో నువ్వే చూసుకో. ఆ రీలే వస్తోంది" అన్నాడు ట్రాస్క్.

తెర మీద కిటికీ వచ్చింది. నిన్న రాత్రి ఈ చోటికే ముందు వరుసలవాళ్ళు లేచి నిలబడ్డారు, ఆమెకి సగమే కనిపించింది. ఇప్పుడు అడ్డం ఎవరూ లేరు. లాంతరు పైకి లేచింది, దిగింది, మళ్ళీ లేచింది. దాన్ని పట్టుకున్నది ఎడమ చెయ్యి. చిటికెనవేలు లోపలికి వంగి ఉంది. జీవితమంతా ఫిడేలు మెడ పట్టుకుని అలా వంగిపోయిన వేలు. సెట్టు మీద ఎన్నోసార్లు ఆ చేతిలోంచి ఆమె కాఫీ కప్పు అందుకుంది.

"తనే వచ్చాడు" అన్నాడు ట్రాస్క్. "ఎవరూ కాళ్ళూ చేతులూ కట్టి తేలేదు. వెళ్ళి అడుగు."

బయటి ఎండలోకి వచ్చాక, ట్రాస్క్ మీద వచ్చిన కోపమంతా పక్కకి తిరిగి ముసలాయన మీదికి మళ్ళిందని ఆమెకి తెలిసింది. అది మరీ చెడ్డ కోపం. పరాయివాడు మోసం చేస్తే తిట్టుకుంటాం, మనవాడు చేస్తే మనల్ని మనమే తినేస్తాం.

ఫెల్‌నర్ ఇల్లు ట్రామ్ దారి చివర, వరండా ఉన్న చిన్న ఇల్లు. ముందు మెట్ల మీద, తలుపు మీద పసుపు రంగు కుమ్మరించి ఉంది. ఈ ఊళ్ళో ద్రోహుల ఇంటికి పూసే రంగు అది. లొట్టే ఫెల్‌నర్ మోకాళ్ళ మీద కూర్చుని కిరసనాయిలు గుడ్డతో మెట్లు రుద్దుతోంది. ఎదురింటి ఆవిడ కంచె దగ్గర నిలబడి చూస్తోంది. సాయం చెయ్యడానికి కాదు.

"లే పెద్దమ్మా, నేను రుద్దుతాను" అంది హెస్టర్.

"వద్దు. నీ బట్టలకి అంటుతుంది" అంది లొట్టే. తల ఎత్తలేదు. "పొద్దున కొట్టువాడి దగ్గరికి పుల్ల క్యాబేజీకి వెళ్ళాను. దానికి జర్మన్ పేరు పనికిరాదట, ఇప్పుడు స్వేచ్ఛా క్యాబేజీ అనాలట. 'క్యాబేజీ కూడా పేరు మార్చుకుంది, మీ ఆయన ఎప్పుడు మార్చుకుంటాడు' అన్నాడు. పన్నెండేళ్ళ నుంచి వాడి కొట్టుకే వెళ్తున్నాను. ఏం రాశావమ్మా ఆ బొమ్మలో?"

"నేను రాసింది అది కాదు పెద్దమ్మా."

"నీ పేరే ఉందిగా."

లోపల ఫెల్‌నర్ మంచం అంచున కూర్చుని ఫిడేలు పెట్టెలో పెడుతున్నాడు. హెస్టర్‌ని చూసి లేవబోయాడు.

"లేవకండి మాస్టారూ. ఒక్క మాట చెప్పండి. ఆ లాంతరు పట్టుకున్నది మీరేనా?"

ఆయన వంగిన వేలు పెట్టె మూత మీద ఆగింది. "నేనే తల్లీ."

"ఎందుకు? మీకోసం నేను అక్కడ వాళ్ళతో కుక్కల్లే కొట్లాడి వచ్చాను. మీరేమో నా వెనకాల వెళ్ళి వాళ్ళకి చెయ్యి అరువిచ్చారు. మీ గొంతుకి తాడు మీరే పేనుకున్నారు. నాతో ఒక్క ముక్క చెప్పలేదు."

"కోప్పడు. నీకు హక్కుంది."

"హక్కులు తర్వాత. ఎందుకో చెప్పండి."

ఆయన వీధి తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "పంతొమ్మిదేళ్ళప్పుడు బ్రెమెన్‌లో ఓడెక్కి వచ్చాను. మిల్వాకీ చేరగానే కోర్టుకెళ్ళి, ఈ దేశపువాణ్ణి అవుతానని ప్రమాణం చేసి మొదటి కాగితం తీసుకున్నాను. ఆ ఊళ్ళో ఆ కాగితం ఉంటే ఓటేయనిచ్చేవాళ్ళు. ప్రతి ఎన్నికకీ ఓటేశాను. ఓటేసినవాడు పౌరుడు కాకుండా పోతాడా అనుకున్నాను. రెండో కాగితం ఒకటి తీసుకోవాలని నాకెవరూ చెప్పలేదు, నేను అడగలేదు. మాలో సగంమంది ఇంతే. యుద్ధం వచ్చాక తెలిసింది, నేను ఇంకా జర్మనీ రాజు కైజరు మనిషినేనని. ఫిబ్రవరిలో మావాళ్ళందరూ పోలీసు స్టేషనుకి వెళ్ళి వేలిముద్రలు వెయ్యాలన్నారు. నేను వెళ్ళలేదు."

"వెళ్తే పోయేది కదా."

"నేనొక్కణ్ణే అయితే వెళ్ళేవాణ్ణి. లొట్టే మిల్వాకీలో పుట్టింది. కానీ చట్టం ప్రకారం మొగుడిది ఏ దేశమో పెళ్ళానిదీ ఆ దేశమే. నా కాగితం లేకపోతే అదీ శత్రుదేశపు మనిషే. తను పుట్టిన దేశంలో తనే శత్రువు. ఈ నెల ఆడవాళ్ళ వంతు వచ్చింది, చూశావుగా పేపర్లో. నా బద్ధకం వల్ల నా భార్య వెళ్ళి దొంగలా వేళ్ళకి సిరా పూసుకోవాలి. ఆ మాట దానితో చెప్పే ధైర్యం నాకు లేదు. ట్రాస్క్‌కి ఎలాగో తెలిసింది. లాంతరు పట్టుకుని, తర్వాత స్టేజీలెక్కి ఊళ్ళు తిరిగితే నోరు మూసుకుంటానన్నాడు."

"ఎన్నాళ్ళు మూసుకుంటాడు? వాడు గుర్రాలు అమ్మినవాడు మాస్టారూ. కళ్ళెం చేతికి దొరికాక వదులుతాడా?"

"ఇంకెంత, యుద్ధం అయ్యేదాకా."

"ఏమయ్యా" అన్న గొంతు వినిపించింది.

లొట్టే గుమ్మంలో ఉంది. ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ చూడలేదు. మోచేతుల దాకా పసుపు రంగు, చేతిలో తడి గుడ్డ. ఆమె మొహంలో ఏడుపు లేదు. మొహమంతా కోపమే.

"నా కోసం చేశావా?"

అవునన్నట్టు ఫెల్‌నర్ తల ఊపాడు.

"నా కోసమైతే నన్ను అడగాల్సింది. ఎప్పటి పెళ్ళి మనది? కూరలో ఉప్పు చాలిందా అని అడుగుతావు, ఇది అడగవా? వేళ్ళకి సిరా అంటితే సబ్బుతో కడుక్కుంటాను. పోలీసువాడు చూస్తే చూడనీ. ఈ రంగు చూడు." చేతులు ముందుకి చాపింది. "కొట్టునించి వచ్చిన దగ్గర్నించీ రుద్దుతున్నాను. పోవటం లేదు. నువ్వు ఆ పసుపు నాకు పూసి, సిరా అంటకుండా కాపాడానని కూచున్నావు."

"లొట్టే, ఆలస్యంగా వెళ్తే జైల్లో పెడతారేమోనని..."

"పెడితే అన్నం తెచ్చిపెడతాను. రేపు పొద్దున్నే స్టేషనుకి వెళ్తున్నాం, ఇద్దరం. చర్చికి వేసుకునే కోటు తీసి బయట పెట్టు." గుడ్డ విదిలించి మళ్ళీ మెట్ల దగ్గరికి వెళ్ళిపోయింది. కంచె దగ్గర నిలబడ్డ ఎదురింటావిడతో, "ఏమ్మా, రంగు ఆరిందా లేదా అని చూస్తున్నావా?" అనడం లోపలికి వినిపించింది.

ఫెల్‌నర్ ఫిడేలు పెట్టె మూసి హెస్టర్ వైపు చూశాడు. "రేపు బండి వస్తుంది తల్లీ. వెళ్ళకపోతే ట్రాస్క్ ఊరుకోడు. అక్కడ హాల్లో జనం ఊరుకోరు."

"బండి ఖాళీగా పోదులెండి" అంది హెస్టర్.

మర్నాడు పొద్దున బండి వచ్చింది. రెండు పక్కలా గుడ్డలు కట్టి ఉన్నాయి, "గూఢచారిని కళ్ళారా చూడండి" అని పెద్ద అక్షరాలు. స్నీడ్ దిగేసరికి వరండాలో హెస్టర్ ఒక్కతే ఉంది. ముసలివాళ్ళిద్దరూ అప్పటికే ట్రామెక్కి పోలీసు స్టేషనుకి వెళ్ళారు.

"ముసలాడేడీ?"

"రాడు. నేను వస్తాను. దేశం నా కలానికి రుణపడిందట కదా, పేపర్లో చదివాను. రచయిత్రిని చూపిస్తామని చెప్పు. వేషగాళ్ళు ప్రతి ఊళ్ళోనూ వస్తారు, రాసినవాళ్ళు ఎక్కడైనా వచ్చారా?"

స్నీడ్ గెడ్డం గీరుకున్నాడు. ఖాళీ బండితో వెళ్తే ఏమవుతుందో వాడికీ తెలుసు. పైగా ఆ ఆలోచన వాడికి నచ్చింది కూడా. వాడికి ఏ ఆలోచన అయినా నచ్చుతుంది, కాగితం మీద వెయ్యడానికి పనికొస్తే చాలు. "స్టేజీ మీద ఏం మాట్లాడతావు?"

"నేను రాసిన కథే చెప్తాను."

"భేష్" అని బండి తలుపు తీశాడు. ఇరవై ఏళ్ళ శిక్ష సంగతి ఆమె మరిచిపోలేదు. దారి పొడుగునా నారింజ తోటల మధ్య అదే లెక్కేసుకుంటూ కూర్చుంది. బయటికి వచ్చేసరికి తనకి తల్లి పోయిన వయసు వస్తుంది. అయినా వెనక్కి తిప్పమని స్నీడ్‌తో అనలేదు.

హాలు ముందు దీపస్తంభానికి తాడు నిజంగానే ఉంది. కొత్త తాడు. అలంకారానికి పాత తాడు చాలదా అని ఆమెకి తోచింది. లోపల జనం కిక్కిరిసి ఉన్నారు, చమురు మరకల చొక్కాలవాళ్ళు, వాళ్ళ భార్యలు, కొందరి రొమ్ము మీద కొడుకు ఫ్రాన్సులో ఉన్నాడని చెప్పే నక్షత్రం. బొమ్మ అయింది. నవ్వు దగ్గర అరిచారు, లాంతరు దగ్గర కుర్చీల మీద లేచారు. ఆ వేడి మీద లాంక్‌ఫర్డ్ స్టేజీ ఎక్కి, గూఢచారి రాలేదని, బదులు రచయిత్రి వచ్చిందని చెప్పి దిగి ముందు వరుసలో కూర్చున్నాడు.

"జర్మనోడేడీ?" అని వెనకనించి కేక వచ్చింది. "ఆడమనిషిని తిట్టడానికా మేం వచ్చింది?"

హెస్టర్ ముందుకి వచ్చింది. నల్లబట్టలు చూసి కొందరు టోపీలు తీశారు. ఎవరినో యుద్ధంలో పోగొట్టుకుందనుకున్నారు.

"ఈ కథ నేను రాశానని వేశారు. నేను రాసింది ఇది కాదు" అంది. అరవలేదు. హాలే కాస్త సద్దుమణిగి విన్నది. "మీరిప్పుడు చూసిన నవ్వు ఓడని చూసి నవ్వింది కాదు. చచ్చిపోయిందనుకున్న పిల్ల బతికి గుమ్మంలోకి వస్తే నవ్విన నవ్వు. నేను అక్కడున్నాను. మీ అబ్బాయి ఫ్రాన్సు నుంచి దిగి మీ గుమ్మంలో నిలబడితే మీరెలా నవ్వుతారో, ఆయన అలాగే నవ్వాడు. దాన్ని కోసి తెచ్చి మీ పగకి అతికించి అమ్ముకున్నారు. మీ దుఃఖాన్ని అమ్ముకున్నారు. నాకు కోపం వచ్చింది, మీకూ రావాలి."

నక్షత్రం పెట్టుకున్న ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. స్నీడ్ తెర చాటునుంచి దిగిపొమ్మని సైగలు చేస్తున్నాడు. అంతలో మధ్య వరుసలోంచి ఒకడు లేచాడు. "నువ్వూ వాళ్ళ మనిషివే" అన్నాడు. ఇంకొకడు లేచాడు. "వాణ్ణి దాచేసి కథలు చెప్తోంది" అన్నాడు. కుర్చీలు చప్పుడయ్యాయి. ముందుకి వస్తున్న మొహాల్లో హెస్టర్ ఒక్కదాన్నీ గుర్తుపట్టలేదు. గుర్తుపట్టనందుకు ఆమెకి సంతోషంగానే ఉంది, మాస్టారు ఇక్కడ లేడు. జైల్లో ఉన్నా, ఇక్కడ లేడు.

హాలు వెనక తలుపు తెరుచుకుని ఎండ లోపలికి పడింది.

"ఆ అమ్మాయినేం అడుగుతారు? ఆ నవ్వు నాది. నన్నడగండి" అన్నారెవరో. పెద్ద గొంతు కాదు, వయసు మళ్ళిన గొంతు.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. చర్చి కోటు తొడుక్కున్న ముసలాయన ఒకాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పక్కనే ఆయన చెయ్యి పట్టుకుని భార్య. ఆయన రెండో చేత్తో టోపీ తీశాడు. ఇప్పటిదాకా తెర మీద చూసిన తెల్లజుట్టే. టోపీ పట్టుకున్న చేతి చిటికెనవేలు లోపలికి వంగి ఉంది, వేళ్ళ చివర్లు నల్లగా సిరాతో ఉన్నాయి. ఆమె వేళ్ళు కూడా. పోలీసులు వదిలేశాక స్టేషను నుంచి నేరుగా ఇక్కడికే వచ్చినట్టున్నారు.

"వద్దు మాస్టారూ, వెళ్ళిపోండి" అంది హెస్టర్. అంతసేపూ లేవని ఆమె గొంతు ఇప్పుడు లేచింది.

ఎవరూ ఆమెని వినలేదు. ముందు వరుసలోంచి లాంక్‌ఫర్డ్ నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. ముసలాయన్ని చూశాడు, స్టేజీ మీద హెస్టర్‌ని చూశాడు, మళ్ళీ ముసలాయన్ని చూశాడు. తర్వాత గుమ్మం దగ్గరున్న తన మనిషికి చెప్పాడు.

"తలుపులు ముయ్యి."